ఒక పన్ను తేడా: స్పోర్ట్ బైక్ స్ప్రాకెట్ మారిస్తే నిజంగా ఏం మారుతుంది?

స్పోర్ట్ బైక్ నడిపేవాళ్ళ మధ్య తరచూ వినపడే సలహా ఒకటుంది. "ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గించెయ్, బండి వేరే బండి అయిపోతుంది." స్ప్రాకెట్ అంటే చైన్ తిరిగే పళ్ళ చక్రం; ఇంజన్ దగ్గర ఒకటి, వెనక చక్రానికి ఒకటి ఉంటాయి. ఇంజన్ విప్పక్కర్లేదు, ఖర్చూ పెద్దగా ఉండదు, పని ఒక పూటలో అయిపోతుంది. అలా మార్చినవాళ్ళు మొదటిరోజు మొహం వెలిగిపోతూ తిరిగొస్తారు. నెల తిరిగేసరికి వాళ్ళలో కొందరు పాత స్ప్రాకెట్ ఎక్కడ పెట్టామా అని వెతుక్కుంటారు. బండి మారిన మాట నిజం, కొన్నిచోట్ల ఆ మార్పు ఎదురు తిరిగిన మాటా నిజం. రెండూ ఒకే లెక్కలోంచి పుడతాయి కాబట్టి ఆ లెక్క దగ్గర్నుంచే మొదలుపెడదాం.

ఇంజన్ తిరిగే వేగం వెనక చక్రం దాకా వచ్చేలోపు మూడు చోట్ల తగ్గుతుంది. క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన షాఫ్ట్) నుంచి క్లచ్‌కి వచ్చేటప్పుడు ఒకసారి, గేర్‌బాక్స్‌లో మనం వేసిన గేరును బట్టి రెండోసారి, చైన్ దగ్గర మూడోసారి. మొదటి రెండూ ఇంజన్ లోపల ఉంటాయి, వాటి జోలికి వెళ్ళాలంటే ఇంజన్ కేసు విప్పాలి. మూడోది మాత్రం బయట, చేతికి అందే చోట ఉంటుంది. వెనక స్ప్రాకెట్ పళ్ళను ముందు స్ప్రాకెట్ పళ్ళతో భాగిస్తే వచ్చేదే ఫైనల్ రేషియో. ఈ అంకె పెరిగితే అదే వేగానికి ఇంజన్ ఎక్కువ తిరగాలి, దీన్నే షార్ట్ గేరింగ్ అంటారు. తగ్గితే తక్కువ తిరిగితే చాలు, అది టాల్ గేరింగ్. గేర్ల సైకిల్ తొక్కినవాళ్ళకి ఇది కాళ్ళకే తెలుసు. ఎత్తు ఎక్కేటప్పుడు వెనక పెద్ద పళ్ళ చక్రం మీదికి చైన్ వేస్తే తొక్కడం తేలికవుతుంది, కానీ కాళ్ళు గబగబా ఆడాలి.

పేర్లతో ఇక్కడో తిరకాసు ఉంది. "గేరింగ్ పెంచాను" అని ఒకరంటే రేషియో అంకె పెంచారని ఒకరు, టాప్ స్పీడ్ పెంచారని ఇంకొకరు అనుకుంటారు. ఎవరితోనైనా ఈ విషయం మాట్లాడేటప్పుడు పళ్ళ సంఖ్య చెప్పడమే మంచిది: ముందు ఇన్ని, వెనక ఇన్ని. నేనూ ఇక్కడ అలాగే 16-45 అన్నట్టు, ముందుది ముందు, వెనకది వెనక రాస్తాను.

ఉదాహరణకి 600 సీసీ స్పోర్ట్ బైక్ యమహా ఆర్6 తీసుకుందాం. 2006 తర్వాతి మోడళ్ళలో కంపెనీ ఇచ్చేది 16-45. అంటే రేషియో 2.81. ముందు ఒక పన్ను తగ్గించి 15-45 చేస్తే సరిగ్గా 3.0 అవుతుంది. తేడా 6.7 శాతం. మనం మార్చింది చివరి మెట్టు కాబట్టి ఆ 6.7 శాతం ఆరు గేర్లకూ ఒకేలా వర్తిస్తుంది. ఒకటో గేరు 6.7 శాతం షార్ట్ అవుతుంది, ఆరోదీ అంతే. ఏదో ఒక గేరును మాత్రమే సరిచేయడం స్ప్రాకెట్‌తో కుదరదు.

180/55-17 సైజు వెనక టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 1.98 మీటర్లు. ఆర్6 ప్రైమరీ రేషియో, అంటే క్రాంక్‌షాఫ్ట్ నుంచి క్లచ్‌కి వచ్చేటప్పటి మొదటి తగ్గింపు, 2.073; ఆరో గేరు 1.150. ఇవన్నీ కలిపి లెక్కేస్తే 16-45తో ఆరో గేరులో గంటకు 100 కిలోమీటర్ల వేగానికి ఇంజన్ దాదాపు 5,650 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) తిరుగుతుంది. 15-45తో 6,025. ముందు ఒకటి తగ్గించి వెనక రెండు పెంచితే, అంటే 15-47 చేస్తే, 6,295. మీ బండికి ఏ అంకెలు ఉన్నా పద్ధతి ఇదే. మాన్యువల్‌లో గేర్ల రేషియోలు ఉంటాయి, టైరు చుట్టుకొలత టేపుతో కొలుచుకోవచ్చు.

పవర్ పెరుగుతుందా?

పెరగదు. ఈ విషయంలో ఎక్కువ అపోహ ఉన్నది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఒకే గేరులో పోలిస్తే వెనక చక్రం దగ్గర తోపు, అంటే బండిని ముందుకు తోసే బలం, పెరిగిన మాట నిజం. 15-47 మీద మూడో గేరులో యాక్సిలరేటర్ తిప్పితే, 16-45 మీద మూడో గేరు కన్నా బండి గట్టిగా లాగుతుంది. ఒళ్ళు పసిగట్టేది అదే. కానీ బండికి ఆరు గేర్లున్నాయి. ఒక వేగం దగ్గర చక్రానికి అందే తోపు ఎంత అన్నది ఆ క్షణంలో ఇంజన్ ఇచ్చే పవర్‌ను ఆ వేగంతో భాగిస్తే వస్తుంది. ఇంజన్ తన గరిష్ఠ పవర్ దగ్గర తిరుగుతుంటే, ఆ వేగంలో అంతకు మించిన తోపు ఏ స్ప్రాకెట్టూ తేలేదు. స్ప్రాకెట్ చేయగలిగిందల్లా ఏ వేగం దగ్గర ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎంలో ఉంటుందో మార్చడం, అంతే.

దీన్ని ఒక తమాషా లెక్కతో చూడొచ్చు. ఆర్6 గేర్ల రేషియోలు ఒకటి నుంచి ఆరు దాకా 2.583, 2.000, 1.667, 1.444, 1.286, 1.150. 15-47తో ఫైనల్ రేషియో 11.4 శాతం పెరుగుతుంది. పాత ఆరో గేరు 1.150ని 11.4 శాతం పెంచితే 1.281. పాత ఐదో గేరు ఎంత? 1.286. అంటే 15-47 వేసుకున్న బండిలో కొత్త ఆరో గేరు దాదాపు పాత ఐదో గేరే. పాత ఆరోది చేజారింది. దానికి బదులు కింది వైపు, అంతకుముందు లేనంత షార్ట్ ఒకటో గేరు వచ్చింది. మధ్యలో ఉన్నవి తలా కొంచెం జరిగి కూర్చున్నాయి. పైనుంచి ఒక గేరు తీసి కింద ఒక గేరు పెట్టుకున్నట్టు అనుకోండి, మొత్తం మార్పు కళ్ళకు కడుతుంది.

ఈ జరగడం వల్ల కొన్ని వేగాల దగ్గర కొత్త గేరింగ్ పాతదానికన్నా వెనకబడుతుంది కూడా. ఆర్6 పీక్ పవర్ 14,500 ఆర్‌పీఎం దగ్గర. అక్కడే గేరు మారుస్తామనుకుందాం. 16-45తో ఒకటో గేరు గంటకు 114 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. 15-47తో 103కే అయిపోతుంది. ఇప్పుడు 108 కిలోమీటర్ల వేగం దగ్గర రెండు బండ్లనూ పక్కపక్కన పెట్టండి. పాత బండి ఇంకా ఒకటో గేరులో, 13,700 దగ్గర, పవర్ శిఖరానికి దగ్గర్లో ఉంది. కొత్త బండి రెండో గేరు వేసేసింది, దాని ఇంజన్ 11,800 దగ్గర తిరుగుతోంది. ఆ క్షణంలో గట్టిగా తోసేది పాత బండే. తర్వాత ఇంకో వేగం దగ్గర కొత్తది పుంజుకుంటుంది. ఇలా ప్రతి గేరు మార్పు దగ్గరా రెండూ ముందూ వెనకా అవుతూ ఉంటాయి. షార్ట్ గేరింగ్ అంటే అన్నిచోట్లా లాభమే అనుకునేవాళ్ళు ఈ ఒక్క లెక్క వేసి చూస్తే చాలు.

మరి నిజమైన లాభం ఎక్కడ? నాకు తెలిసి మూడు చోట్ల ఉంది.

నిలబడ్డ బండిని కదిలించేటప్పుడు ఒకటి. ఒకటో గేరు కన్నా కింద ఇంకో గేరు ఉండదు కదా, కాబట్టి అక్కడ షార్ట్ చేస్తే వచ్చేది అచ్చమైన లాభమే. 600 సీసీ స్పోర్ట్ బైకుల్లో ఒకటో గేరే 110 కిలోమీటర్లు దాటుతుందంటే ట్రాఫిక్‌లో క్లచ్ ఎంత జార్చాలో ఊహించండి. 1000 సీసీ బండ్లలో మాత్రం కథ వేరు. వాటిలో ఒకటో గేరులో యాక్సిలరేషన్‌కి హద్దు పెట్టేది ఇంజన్ కాదు, ముందు చక్రం లేవడం. ఆ హద్దు బండి పొడవు, బరువు కేంద్రం ఎత్తు నిర్ణయిస్తాయి. అప్పటికే ముందు చక్రం గాల్లోకి లేస్తున్న బండికి ఇంకా తోపు పెంచితే వేగం రాదు, నడిపేవాడికి టెన్షన్ వస్తుంది. లేదా వీలీ కంట్రోల్ (ముందు చక్రం లేవకుండా ఆపే ఏర్పాటు) ఉన్న బండి అయితే ఆ అదనపు తోపును ఎలక్ట్రానిక్సే కోసేస్తుంది.

రెండోది, గేరు దించకుండా ఓవర్‌టేక్ చేసే అలవాటు ఉన్నవాళ్ళకి. ఆరో గేరులో 90 దగ్గర పోతూ లారీ కనపడగానే అదే గేరులో యాక్సిలరేటర్ తిప్పేవాళ్ళు చాలామంది. వాళ్ళకి షార్ట్ గేరింగ్ నిజంగానే పనికొస్తుంది. అయితే ఒక గేరు దించినా అదే ఫలితం, స్ప్రాకెట్ లేకుండానే వస్తుంది. ఇది నేను తేలిగ్గా అంటున్న మాట కాదు. స్ప్రాకెట్ కొనే ముందు ఒక వారం పాటు మామూలుగా వాడే గేరు కన్నా ఒక గేరు తక్కువలో నడిపి చూడండి. 15-47 వేస్తే పై గేర్లలో బండి ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉంటుంది. ఆ చప్పుడు, ఆ వైబ్రేషన్ రోజూ భరించగలరా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది.

మూడోది రేస్ ట్రాక్. అసలు ఈ విద్య పుట్టి పెరిగింది అక్కడ. సర్క్యూట్ మీద బండి ఏ మలుపులో ఎంత వేగంతో ఉంటుందో ప్రతి ల్యాప్‌లో దాదాపు ఒకటే. ఉదాహరణకి ముఖ్యమైన ఒక మలుపులో కనిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు అనుకోండి. 16-45తో రెండో గేరులో అక్కడ ఇంజన్ 8,840 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. ఆర్6 లాంటి ఇంజన్‌కి 10,000 దాటాకే అసలు ప్రాణం వస్తుంది. పోనీ ఒకటో గేరు వేద్దామా అంటే 11,400, బండి వంగి ఉండగా యాక్సిలరేటర్ అతి సున్నితంగా అయిపోతుంది, పైగా మలుపులోంచి బయటపడేలోపే మళ్ళీ గేరు మార్చాలి. 15-47తో అదే రెండో గేరులో 9,850 దగ్గరికి వస్తుంది. బండి వంగినప్పుడు టైరు అంచు మీద తిరుగుతుంది, అక్కడ దాని చుట్టుకొలత తక్కువ కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. మలుపులోంచి బయటికి లాగేటప్పుడు ఆ వెయ్యి ఆర్‌పీఎం తేడా చాలా పెద్దది.

అందుకే ట్రాక్ మీద రెండు ప్రశ్నలతో గేరింగ్ ఎంచుకుంటారు. పొడవైన స్ట్రెయిట్ చివర, బ్రేకు పట్టే చోట, ఆరో గేరు దాదాపు చివరిదాకా వాడుతున్నామా? ముఖ్యమైన మలుపుల్లో ఇంజన్ సరైన చోట ఉందా? 16-45తో ఆర్6 ఆరో గేరులో 14,500 దగ్గర 257 కిలోమీటర్ల వేగానికి లెక్క తేలుతుంది. చిన్న ట్రాక్ మీద ఆ వేగం ఎప్పటికీ రాదు, అంటే ఆరో గేరు ఊరికే మోసుకు తిరుగుతున్నట్టే. 15-47తో అదే ఆర్‌పీఎంకి 230. వాడని పై గేరును వదిలేసి మిగిలినవాటిని దగ్గరగా జరుపుకోవడంలో అక్కడ నష్టమేమీ లేదు. రెండు ప్రశ్నలకీ ఒకే జవాబు రాకపోవచ్చు, అప్పుడు ఏ మలుపు ఎక్కువ సమయం తినేస్తోందో చూసుకుని దానికే మొగ్గుతారు.

రోడ్డు మీద ఇంత కచ్చితమైన జవాబు ఉండదు. నేను మొదటిసారి ముందు ఒక పన్ను తగ్గించినప్పుడు సిటీలో రెండు వారాలు పండగలా గడిచింది. తర్వాత ఒకరోజు పొడవైన హైవే ప్రయాణం. ఆరో గేరులో పోతూ ఉండగా ఎడమ కాలు దానంతటదే లివర్ కిందికి వెళ్ళి పైకి ఎత్తేది. ఏడో గేరు కోసం. గంటకు నాలుగైదుసార్లు అలా జరిగింది. ఇంజన్ ఏమీ కష్టపడట్లేదు, దానికి అదొక లెక్కా కాదు, కానీ చెవి మాత్రం ఇంకో గేరు మిగిలుందనే నమ్ముతోంది. మైలేజీ కూడా కొంచెం తగ్గింది. అదే వేగానికి ఇంజన్ ఎక్కువ తిరిగితే లోపలి రాపిడికి ఎక్కువ పెట్రోలు పోతుంది మరి.

కంపెనీలు మొదట్లోనే టాల్ గేరింగ్ ఎందుకు ఇస్తాయి అని అడుగుతారు. చప్పుడు పరీక్షలు, పొగ పరీక్షలు, మైలేజీ, హైవే మీద సుఖం, పైన టాప్ స్పీడ్, ఇవన్నీ ఒకే జత స్ప్రాకెట్లతో సర్దాలి. అందరికీ సరిపోయేలా కుట్టిన చొక్కా అది. ఒక్కోసారి కంపెనీలే మనసు మార్చుకుంటాయి. కవాసాకీ 2019లో జెడ్‌ఎక్స్-6ఆర్ ముందు స్ప్రాకెట్‌ను 16 నుంచి 15కి తగ్గించింది.

ముందు ఒకటా, వెనక మూడా

ముందు ఒక పన్ను తగ్గించడం వెనక మూడు పళ్ళు పెంచడంతో సమానం అని అందరూ చెప్పుకునే సూత్రం ఒకటుంది. ఆర్6 విషయంలో అది అచ్చంగా నిజం: 15-45 వేసినా 16-48 వేసినా రేషియో 3.0. ఇంకా ముందుకెళ్తే 14-42 కూడా అంతే. స్పీడోమీటర్‌కి, ఇంజన్‌కి మూడూ ఒకటే. చైన్‌కి మాత్రం కాదు.

మన కంటికి స్ప్రాకెట్ గుండ్రం. చైన్‌కి అది బహుభుజి. 16 పళ్ళ స్ప్రాకెట్ అంటే 16 అంచులున్న ఆకారం. ప్రతి లింకూ ఆ అంచు మీదికి వచ్చినప్పుడల్లా మడత పడాలి. 16 పళ్ళకి ఆ మడత 22.5 డిగ్రీలు, 15కి 24, 14కి దాదాపు 26. మడత ఎక్కువైతే లింకులను కలిపే పిన్నుకీ, దాని చుట్టూ ఉండే బుష్‌కీ మధ్య రాపిడి ఎక్కువ. పైగా ముందు స్ప్రాకెట్ ఒకే వేగంతో తిరుగుతున్నా చైన్ వేగం మాత్రం అంచుల వల్ల చిన్నగా ఎగుడుదిగుడు అవుతుంది. 16 పళ్ళకి ఆ హెచ్చుతగ్గు 1.9 శాతం, 15కి 2.2, 13కి 2.9. చిన్న ముందు స్ప్రాకెట్ వేసిన బండిలో కొందరికి కాళ్ళ కింద సన్నటి గరగర తగిలేది ఇందుకే.

లాగుడు కూడా లెక్కలోకి వస్తుంది. వెనక చక్రానికి అదే తోపు ఇవ్వాలంటే, వెనక స్ప్రాకెట్ ఎంత చిన్నదైతే చైన్ అంత గట్టిగా లాగాలి. 16-48తో పోలిస్తే 14-42లో చైన్ మీద లాగుడు 14 శాతం ఎక్కువ. ఆ ఎక్కువ లాగుడును ముందు వైపు తక్కువ పళ్ళు పంచుకోవాలి. కాబట్టి చైన్ సెట్ ఎక్కువ కాలం రావాలనుకునేవాళ్ళకి వెనకది పెంచడమే మంచిది. మరి అందరూ ముందుదే ఎందుకు మారుస్తారు? అది చిన్నది, చవక, వెనక చక్రం ఊడదీయక్కర్లేదు, చాలాసార్లు ఉన్న చైనే సరిపోతుంది. వెనకది పెంచితే ఒక్కో పన్నుతో కొంచెం కొంచెంగా, ఆర్6లో అయితే 2.2 శాతం చొప్పున సవరించుకునే వీలుంటుంది. ముందు ఒక్క పన్నే పెద్ద గెంతు. చిన్న బండ్లలో ఇంకా పెద్దది: నింజా 400కి ముందు 14 పళ్ళు, దాన్ని 13 చేస్తే 7.7 శాతం.

ముందు స్ప్రాకెట్ చిన్నదయ్యేకొద్దీ చైన్ స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చట్రం) పివట్‌కి, అంటే అది ఊగే కీలుకి, దగ్గరగా దిగుతుంది. పివట్ దగ్గర చైన్ రాసుకోకుండా ఒక ప్లాస్టిక్ లేదా రబ్బరు పట్టీ ఉంటుంది. ఒక పన్ను తగ్గించినప్పుడు ఆ పట్టీ మీద చైన్ ఎక్కువ రాసుకుంటుంది, రెండు తగ్గిస్తే కొన్ని బండ్లలో పట్టీని కోసుకుంటూ పోతుంది. కింద అల్యూమినియం బయటపడేదాకా చూసుకోని స్వింగ్ ఆర్మ్‌లు ఉన్నాయి. ముందు నుంచి ఒకటికి మించి తగ్గించొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఇంకా కావాలంటే మిగతాది వెనక పెంచుకోవాలి.

వెనక ఇరుసు జరిగే సంగతి చాలామంది పట్టించుకోరు. చైన్ పొడవు మారకుండా పళ్ళు మారిస్తే ఒక్కో పన్నుకి ఇరుసు సుమారు 4 మిల్లీమీటర్లు జరగాలి. ముందు ఒకటి తగ్గిస్తే 4 మిల్లీమీటర్లు వెనక్కి, అంటే బండి అంత పొడవవుతుంది. వెనక మూడు పెంచితే 13 మిల్లీమీటర్ల దాకా ముందుకి, బండి అంత పొట్టి అవుతుంది. పొట్టి బండి తొందరగా తిరుగుతుంది, ముందు చక్రం తొందరగా లేస్తుంది. పొడవు బండి నిలకడగా ఉంటుంది. 16-48, 15-45 ఒకే రేషియో అయినా ట్రాక్ మీద వేర్వేరుగా అనిపించడానికి ఇదొక కారణం. చైన్ లాగే కోణం మారితే యాక్సిలరేటర్ తెరిచినప్పుడు వెనక సస్పెన్షన్ కుంగే తీరు కూడా మారుతుంది కాబట్టి రేసు టీములు స్ప్రాకెట్ మార్చిన ప్రతిసారీ వెనక ఎత్తు మళ్ళీ చూసుకుంటాయి.

చైన్ సైజు మార్పు గురించి కొంచెం. 520, 525, 530 చైన్లన్నిటికీ లింకు పొడవు ఒకటే, 15.875 మిల్లీమీటర్లు. తేడా లోపలి వెడల్పులో ఉంటుంది. 525 నుంచి 520కి మారితే బరువు తగ్గుతుంది, కానీ ముందు, వెనక, చైన్ మూడూ కలిపి మార్చాలి. 520లో స్ప్రాకెట్ల రకాలు కూడా ఎక్కువ దొరుకుతాయి. వెనక అల్యూమినియం స్ప్రాకెట్ తేలిగ్గా ఉంటుంది గానీ స్టీలు కన్నా త్వరగా అరుగుతుంది. రోజూ తిరిగే బండికి స్టీలే నా ఓటు.

మీటరు చెప్పే మాట

స్పీడ్ సెన్సర్ ఎక్కడ ఉందో ముందే తెలుసుకోవాలి. చక్రం దగ్గర ఉంటే ఏ గొడవా లేదు. గేర్‌బాక్స్ దగ్గర ఉంటే, అది స్ప్రాకెట్‌కి ముందే లెక్కేస్తుంది కాబట్టి మనం మార్చిన సంగతి దానికి తెలియదు. 15-45 వేసి నిజంగా 100 మీద వెళ్తుంటే 107 చూపిస్తుంది. అసలు మొదట్నుంచీ మీటర్లు కొంచెం ఎక్కువే చూపిస్తాయి. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో 39వది ప్రకారం మీటరు నిజం వేగం కన్నా తక్కువ చూపకూడదు, ఎక్కువ మాత్రం 10 శాతం మీద ఇంకో 4 కిలోమీటర్ల దాకా చూపొచ్చు. దాని మీద మన 6.7 శాతం కూడా చేరుతుంది. ఓడోమీటర్‌దీ అదే కథ, 10,000 కిలోమీటర్లు తిరిగితే 10,670 దాకా రాసేసుకుంటుంది. సరిచేసే చిన్న ఎలక్ట్రానిక్ బాక్సులు దొరుకుతాయి.

టాల్ చేసుకున్నప్పుడు ఇది తిరగబడుతుంది. మీటరు తక్కువ చూపిస్తుంది. 90 అనుకుంటూ 95 మీద పోవడం ప్రమాదం, జరిమానాకీ దారి. అందుకే ముందు ఒక పన్ను పెంచేవాళ్ళు మీటరు సంగతి ముందే చూసుకోవాలి. ముందుది పెంచేటప్పుడు ఇంకో చిక్కు, పెద్ద స్ప్రాకెట్ కవర్‌కి గానీ చుట్టూ ఉన్న కేసుకి గానీ తగలొచ్చు. చిన్న ఇంజన్లకి టాల్ చేస్తే టాప్ స్పీడ్ పెరుగుతుందన్న గ్యారంటీ లేదు. గాలి నిరోధాన్ని దాటడానికి కావాల్సిన పవర్ వేగం ఘనం (క్యూబ్) లెక్కన పెరుగుతుంది, వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లు. ఇంజన్ ఆరో గేరులో పీక్ పవర్ దాకా ఎప్పుడూ చేరలేకపోతుంటే, అలాంటి బండికి కొంచెం షార్ట్ చేస్తేనే టాప్ స్పీడ్ పెరుగుతుంది.

చేతికి మసి అంటే పని

ముందు స్ప్రాకెట్ కవర్ విప్పగానే కనపడేది నల్లటి ముద్ద. చైన్ లూబ్, దుమ్ము, ఇసుక కలిసి గట్టిపడి మూలల్లో అతుక్కుని ఉంటుంది. దాన్ని గీకి తీశాక స్ప్రాకెట్ నట్టు, దాని వెనక ఒక పల్చటి రేకు వాషర్ బయటపడతాయి. చాలా బండ్లలో ఆ వాషర్ అంచును నట్టు మీదికి మడిచి ఉంటారు, నట్టు తిరగకుండా. ఆ మడతను ఉలితో మెల్లగా చదును చేశాకే నట్టు జోలికి వెళ్ళాలి. చైన్ ఇంకా బిగువుగా ఉండగానే, ఒకరు వెనక బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుంటే ఇంకొకరు నట్టు వదులు చేయాలి. తొందరపడి ముందే ఇరుసు వదులు చేసేస్తే స్ప్రాకెట్‌ను పట్టి ఆపేది ఏదీ ఉండదు, ఎంత లాగినా షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. వాషర్ కొత్తది వేసి మళ్ళీ మడవాలి, నట్టును మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి. ఈ నట్టు ఊడితే స్ప్రాకెట్ ఎటు పోతుందో, చైన్ దేన్ని చుట్టుకుంటుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

కంపెనీ ఇచ్చిన కొన్ని ముందు స్ప్రాకెట్లకి పక్కన రబ్బరు పూత ఉంటుంది, చప్పుడు తగ్గడానికి. కొత్తదానికి అది లేకపోతే చైన్ చప్పుడు కొంచెం పెరుగుతుంది. ఏదో పాడైందని కంగారు పడక్కర్లేదు.

పాత చైన్ మీద కొత్త స్ప్రాకెట్ వేయొచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. చైన్‌ను కొలిచి చెప్పాలి. బిగువుగా లాగి పట్టి, ఒక పిన్ను మధ్య నుంచి 21వ పిన్ను మధ్య దాకా కొలిస్తే అది 20 లింకులు. 15.875 పిచ్ (లింకు పొడవు) ఉన్న కొత్త చైన్‌లో అది 317.5 మిల్లీమీటర్లు. కవాసాకీ మాన్యువల్స్‌లో 323 దాటితే మార్చేయమని ఉంటుంది. సగం సాగిన చైన్ కూడా కొత్త స్ప్రాకెట్ పళ్ళ మధ్య సరిగ్గా కూర్చోదు, పంటి భుజం మీదికి ఎక్కి తిరుగుతూ నెలల్లో దాన్ని కొక్కెంలా అరగదీస్తుంది. గేరింగ్ నచ్చుతుందో లేదో చూడ్డానికి కొన్నాళ్ళు పాత చైన్ మీద వేసి తిప్పితే తప్పులేదు. నచ్చాక మాత్రం మూడూ కొత్తవి వేసేయడమే నయం.

బిగించేటప్పుడు స్వింగ్ ఆర్మ్ మీద ఉండే గీతలను నమ్ముకోకండి. పివట్ మధ్య నుంచి ఇరుసు మధ్య దాకా రెండు పక్కలా కొలిచి సమానంగా ఉందో లేదో చూడండి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ చైన్ ఎక్కడ అన్నిటికన్నా బిగువుగా ఉందో ఆ చోటే లూజు కొలవాలి. మనిషి కూర్చుని సస్పెన్షన్ దిగినప్పుడు, ముందు స్ప్రాకెట్, పివట్, ఇరుసు ఒకే గీతలోకి వచ్చిన క్షణంలో చైన్ ఇంకా బిగుస్తుంది. స్టాండు మీద చక్కగా బిగించినట్టు కనపడిన చైన్ అప్పుడు తీగలా లాగేసి గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్‌ని తినేస్తుంది. లూజు కొంచెం ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. మొదటి వంద కిలోమీటర్లు తిరిగాక కవర్ మళ్ళీ విప్పి వాషర్ మడత అలాగే ఉందా, పివట్ పట్టీ మీద కొత్త గాడి పడిందా అని టార్చి వేసి చూడండి. వెనక చైన్ లూజు కూడా అప్పుడే ఇంకోసారి కొలవండి.